ఆ సింహాల ఫొటోలు ఎందుకు తీసేయాలి?

కెన్యా నుంచి తిరిగొచ్చాక సంఘానికి రిపోర్ట్ ఇవ్వాలి. ఆదివారం ఆరాధన అయ్యాక పావుగంట టైమిస్తారు. స్లైడ్లు వేసి, ఒకరిద్దరు సాక్ష్యం చెప్పి, ప్రార్థనతో ముగించాలి. అమెరికాలో మాది చిన్న తెలుగు సంఘం. అందరికీ అందరూ తెలుసు, మిషన్ ట్రిప్‌కి ఎవరెంత ఇచ్చారో కూడా ఇంచుమించు తెలుసు. ఈసారి స్లైడ్ల పని నా మీద పడింది. ప్రయాణం జరిగిన వరుసలోనే పెట్టాను: ఊరు, బడి, వీబీఎస్ (పిల్లల సెలవుల బైబిల్ బడి), తరగతి గదికి రంగులు, ఆదివారం ఆరాధన, ఆఖర్న సింహాలుండే మసాయి మారా అభయారణ్యం. శనివారం రాత్రి సంఘ పెద్ద ఒకాయన ఫోన్ చేశారు. "అన్నీ బాగున్నాయమ్మా. ఆ సింహాల ఫొటోలొకటి తీసెయ్యి. డబ్బులిచ్చినవాళ్లు కూర్చుని చూస్తారు, బాగోదు."

పెద్దాయన మాట, తీసేశాను. రిపోర్ట్ బాగా జరిగింది, రెండు మూడు చోట్ల చప్పట్లు కూడా పడ్డాయి. కానీ ఆ ఫోన్ దగ్గర్నుంచి నాలో ఒక వాదన నడుస్తోంది, దాన్నిక్కడ పెడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ ట్రిప్ మొత్తంలో ఏ మొహమాటమూ లేకుండా చూపించుకోదగ్గది ఏదైనా ఉంటే, అది మారాలో గడిపిన సమయమే. అక్కడ మేమెవరమో మాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు: డబ్బు కట్టి చూడ్డానికొచ్చినవాళ్లం. ఊళ్లో ఉన్నన్నాళ్లూ మేమెవరమో నాకు సరిగ్గా తేలలేదు. దాచాల్సిన ఫొటోలంటూ ఉంటే అవి ఆ ఊళ్లోవే అనిపిస్తోంది.

మిషనరీ అన్నవాడు చుట్టూ ఉన్నదాన్ని చూడకూడదని ఎక్కడా లేదు. తూర్పు ఆఫ్రికాలో ఆ రెండూ మొదట్నుంచీ కలిసే నడిచాయి. 1844లో మొంబాసా చేరిన యోహాన్ లుడ్విగ్ క్రాఫ్, రెండేళ్ల తర్వాత ఆయన్ను కలిసిన యోహాన్నెస్ రెబ్‌మాన్, ఇద్దరూ సువార్త కోసం వెళ్లినవాళ్లే. 1848లో కిలిమంజారో మీద మంచుందని యూరప్‌కు రాసింది రెబ్‌మాన్. మరుసటేడు కెన్యా పర్వతాన్ని చూసింది క్రాఫ్. భూమధ్యరేఖ దగ్గర మంచేంటని లండన్లో భూగోళం చదివిన పెద్దలు కొట్టిపారేశారు. మొంబాసా చేరిన ఏడాదే క్రాఫ్ భార్యనూ పసిబిడ్డనూ పోగొట్టుకున్నాడు. ఆయన కొండల్ని చూసి మురిసిపోయాడని ఆయన పరిచర్యను ఎవరూ తక్కువ చేయలేదు. సెలవు పెట్టి వెళ్లొచ్చే మనలాంటివాళ్లకే కొండా సింహమూ దాచుకునే విషయాలయ్యాయి.

డబ్బు సంగతి

పెద్దాయన భయం డబ్బు గురించే కాబట్టి అది ముందు తేల్చుకుందాం. అమెరికాలో మిషన్ ట్రిప్ కోసం ఇచ్చే కానుకకు పన్ను మినహాయింపు ఉంటుంది. కానీ సేవ పేరుతో చేసే ప్రయాణంలో విహారం పాలు చెప్పుకోదగ్గంత ఉంటే ఆ ఖర్చుకు మినహాయింపు కుదరదని ఐఆర్ఎస్ (అక్కడి పన్నుల శాఖ) నియమం. మా ట్రెజరర్ బ్రదర్ ఇలాంటి విషయాల్లో మహా గట్టివాడు. సఫారీ ఖర్చు ఎవరిది వాళ్లే విడిగా కట్టుకోవాలి, సంఘం ఖాతా దాన్ని తాకకూడదు అన్నాడు, అలాగే కట్టాం. మారాలో విదేశీయులకు ప్రవేశ రుసుము 2024 నుంచి జనవరి-జూన్ మధ్య రోజుకు 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబరు దాకా 200. మేం వెళ్లింది ఆగస్టులో. తలకు 200 అంటే పాతికవేల షిల్లింగుల పైమాటే, అదీ పన్నెండు గంటలకు.

కాబట్టి కానుకల డబ్బుతో సింహాల్ని చూసొచ్చారని ఎవరూ అనలేరు. విమానం టికెట్ సంగతేంటని అడిగితే మాత్రం కొంచెం ఇబ్బందే. ఊరికీ మారాకీ టికెట్ ఒక్కటే కదా.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది, దాన్ని రిపోర్ట్‌లో ఎవరూ చెప్పలేదు. కెన్యాకు ఇప్పుడు వీసా బదులు ఈటీఏ అని ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. అందులో ప్రయాణ కారణం అడుగుతారు. మాలో చాలామంది 'టూరిజం' అని టిక్ పెట్టారు. దీర్ఘకాలం ఉండే మిషనరీలకు ఆ దేశంలో వేరే పర్మిట్ ఉంది, క్లాస్ ఐ అంటారు. కొద్దిరోజుల కోసం ఎవరు అంత తిరుగుతారు అనుకున్నారు. అంటే కెన్యా ప్రభుత్వానికి మేం టూరిస్టులం, మా సంఘానికి మాత్రం మిషనరీలం. సింహాల ఫొటోలు తీసేస్తే ఈ రెండో మాట ఒక్కటే మిగులుతుంది.

ఊళ్లో మేం

మేం వెళ్లింది బోమెట్ వైపు, టీ తోటల మధ్య ఒక ఊరు. నైరోబీ నుంచి మాయి మహియు మీదుగా రిఫ్ట్ లోయలోకి దిగి, నారోక్ దాటి వెళ్లాలి. ఆ దిగుడులో రోడ్డు పక్కనే బుల్లి చర్చి ఒకటుంటుంది. 1942లో ఇటాలియన్ యుద్ధఖైదీలు కట్టారు. పరాయి దేశం వెళ్లి చర్చి కట్టినవాళ్లలో ఫండ్‌రైజింగ్ చేయనివాళ్లు బహుశా వాళ్లొక్కరేనేమో.

అమెరికా నుంచి విజిటర్లు వస్తున్నారని ఊరంతా చెప్పి ఉంచారు. వ్యాన్‌లోంచి మేం దిగేసరికి ముందు వరుస పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కెన్యాలో భారతీయ మూలాలున్నవాళ్లు కొత్తేం కాదు, 2017లో ప్రభుత్వం వాళ్లను దేశంలో 44వ తెగగా గుర్తించింది కూడా. కానీ ఆ ఊరి లెక్కలో ఇండియన్ అంటే టౌన్లో హార్డ్‌వేర్ షాపు ఓనరు. బైబిల్ పట్టుకుని వచ్చిన ఇండియన్లను వాళ్లు చూసినట్టు లేదు. ఒక పెద్దావిడ నన్ను పక్కకు పిలిచి, "మీవాళ్లలో కూడా క్రైస్తవులుంటారా తల్లీ?" అని అడిగింది. ఉంటామన్నాను. ఎంతో సంతోషపడి, నా తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేసింది. 2019 జనాభా లెక్కల ప్రకారం కెన్యాలో 85 శాతం పైగా క్రైస్తవులే. సువార్త చెప్పడానికి వెళ్లిన నాకు అక్కడ జరిగిన మొదటి విషయం ఇదీ.

తర్వాత బడి. పిల్లలు ముచ్చటగా యూనిఫాంలో వరుసగా కూర్చున్నారు, మేం వీబీఎస్ పాటలు నేర్పాం, మాలో ఒక సాఫ్ట్‌వేర్ బ్రదర్ ఆరో తరగతికి లెక్కలు చెప్పాడు. ఒక పిల్ల చెల్లెల్ని చంకనేసుకుని వచ్చి కూర్చుంది. ఎందుకని టీచరమ్మను అడిగితే, "సెలవులు కదా, ఇంట్లో చూసేవాళ్లు లేరు" అంది. అప్పుడు తెలిసింది నాకు. కెన్యాలో ఆగస్టు బడి సెలవుల నెల. రెండో టర్మ్ ఆ నెల మొదట్లో అయిపోతుంది, మూడోది చివర్లో గానీ మొదలవదు. మేం వస్తున్నామని సెలవుల్లో పిల్లల్ని పిలిపించి, యూనిఫాంలు వేయించి కూర్చోబెట్టారు.

మరి మేం ఆగస్టులో ఎందుకెళ్లాం? జూలై నుంచి అక్టోబరు మధ్యలో వైల్డ్‌బీస్ట్ అనే అడవి జంతువుల మందలు పక్కనున్న టాంజానియాలోని సెరెంగెటి నుంచి మారా నది దాటి వస్తాయి. ఆగస్టు అయితే అది చూడొచ్చు. ట్రిప్ ప్లానింగ్ మీటింగ్‌లో తేదీ ఖాయం చేసింది ఈ విషయమే. మినిట్స్‌లో ఇది రాయలేదనుకోండి.

ఇక్కడే నాకు దాపరికం మీద కోపం వస్తుంది. సఫారీ ఉందని బాహాటంగా ఒప్పుకుని ఉంటే, ఎవరో ఒకరు లేచి "మరి బడి ఎప్పుడు తెరిచి ఉంటుంది?" అని అడిగేవాళ్లు. సఫారీ గురించి అందరం మనసులో అనుకుని పైకి అనకపోవడం వల్ల, పిల్లల సెలవులు పోయాయి.

గైడ్‌కి పరీక్ష ఉంది

మారాలో మా డ్రైవర్ గైడ్ చొక్కాకు చిన్న కంచు బ్యాడ్జి ఉంది. కెన్యాలో సఫారీ గైడ్లకు ఒక సంఘముంది, అది పరీక్షలు పెట్టి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అని మూడు స్థాయిలిస్తుంది. ఇతను సిల్వర్‌కి చదువుతున్నాడు. రాత్రి మేం భోజనాల దగ్గర కబుర్లు చెప్పుకుంటుంటే అతను ఓ మూల పక్షుల పుస్తకం ముందేసుకుని కూర్చునేవాడు. చెట్టు మీద గద్దలాంటిది కనిపిస్తే మాకది గద్ద. అతనికి దాని పేరూ, అది ఏం తింటుందో, ఏ నెలలో వస్తుందో అన్నీ తెలియాలి, లేకపోతే పరీక్ష పోతుంది.

ఓ పొద్దున చీతా కనిపించింది. దాని చుట్టూ అప్పటికే బండ్లున్నాయి. ఒక జంతువు దగ్గర అయిదు బండ్లకు మించి ఉండకూడదు, పాతిక మీటర్ల కన్నా దగ్గరకు పోకూడదు, దారి వదిలి గడ్డిలోకి దిగకూడదు. అతను దూరంగా ఆపి ఇంజన్ కట్టేశాడు. వెనక సీట్లోంచి మా బ్రదర్ ఒకాయన, "ఇంత దూరం వచ్చాం కదా, కొంచెం ముందుకు పోనివ్వు" అన్నాడు. అతను వెనక్కి తిరిగి, "సర్, జరిమానా పడితే నేను కట్టుకుంటాను. దాని వేట చెడిపోతే దానికి ఎవరిస్తారు?" అన్నాడు. మా వంతు వచ్చేసరికి చీతా లేచి గడ్డిలోకి వెళ్లిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు.

అప్పుడే నాకు బడి గుర్తొచ్చింది. అక్కడ మేం పిల్లల్ని ఎత్తుకున్నాం, బుగ్గలు గిల్లాం, మొహంలో మొహం పెట్టి ఫొటోలు తీశాం. వాళ్ల అమ్మానాన్నలను ఎవరూ అడగలేదు. చీతాకు పాతిక మీటర్ల దూరం ఉంది, ఆరో క్లాసు పిల్లకు లేదు. పక్షి పేరు చెప్పాలంటే గైడ్‌కి పరీక్ష ఉంది, పిల్లలకు లెక్కలు చెప్పడానికి మాకు ఏదీ అక్కర్లేదు. తరగతి గదికి రంగులు వేస్తుంటే ఊళ్లో పెయింటర్ ఒకతను గుమ్మంలో నిలబడి చూశాడు. మేం వెళ్లాక అంచులన్నీ అతనే మళ్లీ సరిచేశాడట.

మా టీమ్‌లో దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది, డాక్టర్ సిస్టర్. విదేశీ డాక్టర్లు కెన్యాలో రోగిని ముట్టుకోవాలంటే అక్కడి మెడికల్ కౌన్సిల్ నుంచి తాత్కాలిక లైసెన్సు తీసుకోవాలి. ఆవిడ నెలల ముందే కాగితాలు పంపింది. సంఘంలో కొందరు ఇళ్లలో మిగిలిన మాత్రలు సంచీల్లో తెచ్చిస్తే, నిర్మొహమాటంగా వెనక్కిచ్చేసింది. దానంగా ఇచ్చే మందులు చేరేనాటికి వాటి గడువు కనీసం ఏడాది మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుందట. అప్పట్లో "మరీ రూల్స్ మాట్లాడుతుంది" అని చెవులు కొరుక్కున్నారు. ఊళ్లో ఆవిడ సొంతంగా క్యాంపు పెట్టలేదు. అక్కడి క్లినికల్ ఆఫీసర్ (డాక్టర్ కాకపోయినా వైద్యం చేసే ఉద్యోగి) పక్కన కుర్చీ వేసుకుని, అతను పంపిన కేసులు చూసింది. మా అందరిలో గైడ్‌లా పనిచేసింది ఆవిడొక్కతే.

అయితే వెళ్లడమే తప్పా?

1968లో మెక్సికోలో ఇవాన్ ఇల్లిచ్ అనే కాథలిక్ పాదిరి, సేవ చేయడానికి బయల్దేరిన అమెరికన్ విద్యార్థుల ముందే నిలబడి, చూడ్డానికి రండి, కొండలెక్కడానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దు అన్నాడు. నేను చెబుతున్నదానికి దగ్గరగానే ఉంది. లెక్కలు కూడా ఆయన వైపే ఉన్నాయి. 1998లో మిచ్ తుఫాను తర్వాత హోండురాస్‌లో కట్టిన ఇళ్ల మీద కర్ట్ వెర్ బీక్ అనే సోషియాలజిస్టు అధ్యయనం చేశాడు. స్థానిక సంస్థ కడితే ఇంటికి రెండు వేల డాలర్ల దాకా అయ్యింది, ఉత్తర అమెరికా నుంచి వచ్చిన టీములకు ప్రయాణాలతో కలిపి ఇంటికి ముప్ఫై వేల దాకా అయ్యింది. ఇల్లు ఎవరు కట్టారన్నదాన్ని బట్టి ఆ కుటుంబాల బతుకుల్లో తేడా ఏమీ కనిపించలేదు.

అయినా ఇల్లిచ్ అంత కటువుగా నేననలేను. మేమున్న ఊరికి దగ్గర్లోనే టెన్వెక్ ఆసుపత్రి ఉంది. 1937లో మిషనరీలు మొదలుపెట్టింది. ఇప్పుడక్కడ ఆఫ్రికా డాక్టర్లే సర్జన్లుగా తయారవుతున్నారు. కొద్దివారాల కోసం వచ్చే విదేశీ సర్జన్లు కూడా ఉంటారు, కానీ ఎప్పుడు రావాలో, ఏం చేయాలో ఆసుపత్రి చెబుతుంది.

ఆ ఊరి పాస్టర్ గారితో ఒక సాయంత్రం ధైర్యం చేసి అడిగాను. "మా టికెట్ల డబ్బు మీకే పంపి ఉంటే బాగుండేది కదా అయ్యగారూ?" ఆయన గట్టిగా నవ్వారు. "పంపేవాళ్లా?"

పంపేవాళ్లం కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. టీ తాగుతూ ఆయన ఇంకో మాట చెప్పారు. చర్చి స్థలానికి పక్కింటాయనతో హద్దు తగాదా ఉంది. ఏరియా చీఫ్ (అక్కడి ప్రభుత్వ అధికారి) రెండేళ్లుగా ఇదిగో అదిగో అంటున్నాడు. ఆదివారం మేం ఉంటామని తెలిసి ఆ చీఫ్ ఆరాధనకు వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. సోమవారం టేపు పట్టుకుని మనుషులొచ్చారు. "మీరు బోధించిందేమో గానీ సిస్టర్, మీరొచ్చి కూర్చోవడం నాకు బాగా పనికొచ్చింది" అన్నారాయన, ఏ సంకోచం లేకుండా.

మొదట విని నవ్వుకున్నాను. రాత్రికి మాత్రం ఆ పక్కింటాయన గుర్తొచ్చాడు. హద్దు ఆయన చెప్పినట్టే ఉందేమో ఎవరికి తెలుసు? ఆయన తరఫున వచ్చి కూర్చోవడానికి అమెరికా విజిటర్లు లేరు. మా వల్ల ఒరిగిన ఒకే ఒక్క గట్టి మేలు ఇదే, ఇది మేలో కాదో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

మారా కూడా పాలకడిగిందేం కాదు

సఫారీని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకునేరు. ఆ గడ్డి మైదానాలు ఖాళీగా పుట్టలేదు. 1904, 1911 ఒప్పందాల పేరుతో బ్రిటిష్‌వాళ్లు పశువులు కాచుకునే మసాయి తెగవాళ్లను మంచి మేత భూముల్లోంచి ఖాళీ చేయించారు. తర్వాత రిజర్వులొచ్చాయి, పశువులకు హద్దులొచ్చాయి. అంత రుసుము కట్టి మేం సింహాన్ని చూసిన చోట ఒకప్పుడు ఎవరి ఆవులో మేసేవి.

కానీ అక్కడ ఆ లెక్క కనీసం బయటికి మాట్లాడుకుంటున్నారు. రిజర్వు చుట్టూ మారా నార్త్, నబోయిషో లాంటి కన్సర్వెన్సీల్లో (వన్యప్రాణుల కోసం కేటాయించిన భూముల్లో) భూమి మసాయి కుటుంబాలదే. వాళ్లు దాన్ని టూరిజానికి లీజుకిచ్చి అద్దె తీసుకుంటారు. 2020లో కోవిడ్‌తో టూరిస్టులు ఆగిపోతే ఆ అద్దెలకూ దెబ్బ తగిలింది. లోపాలున్నాయి, పేచీలున్నాయి. అయినా ఎవరి భూమి, ఎవరి డబ్బు అన్నది కాగితం మీద ఉంది.

మసాయి పల్లె చూడ్డానికి వెళ్లినప్పుడు గేటు దగ్గరే ఒక కుర్రాడు ధర చెప్పాడు. ఇంత కడితే లోపలికి రావచ్చు, ఇళ్లు చూపిస్తాం, ఫొటోలు తీసుకోవచ్చు. మా టీమ్‌లో ఒకరిద్దరికి ఇది నచ్చలేదు. "అన్నిటికీ డబ్బేనా? ఊళ్లో పిల్లలు ఎంత ప్రేమగా ఉన్నారు!" అన్నారు. నాకు మాత్రం ఆ కుర్రాడు తెగ నచ్చాడు. తన మొహం మీద, తన అమ్మ ఇంటి మీద కెమెరా పెట్టడానికి ధర ఎంతో తనే చెప్పాడు. ఊళ్లో పిల్లలకు ఆ అవకాశం ఎవరిచ్చారు? వాళ్లకు మేం ఇచ్చింది స్టిక్కర్లూ, బెలూన్లూ. అవి కూడా ప్లాస్టిక్ సంచుల్లో కట్టి తీసుకెళ్లాం. ఆ దేశంలో 2017 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధమని నైరోబీ విమానం దిగేముందు తెలిసి, సీట్లలోనే విప్పి బట్టల మధ్య కుక్కుకున్నాం. వెళ్లే దేశం గురించి ఆ మాత్రం కూడా చదవలేదన్నమాట. సంచీ వద్దు, జాలె వద్దు అని శిష్యులను పంపిన ప్రభువు మమ్మల్ని చూస్తే ఏమనేవాడో.

వచ్చే ఏడాది

వచ్చే ఏడాది ట్రిప్‌కి అప్పుడే కమిటీ వేశారు. ఒక అనాథ పిల్లల హోమ్‌ను కూడా కలపాలని ఎవరో అన్నారు. కెన్యా ప్రభుత్వం 2017లోనే కొత్త హోమ్‌ల రిజిస్ట్రేషన్ ఆపేసిందనీ, ఉన్న పిల్లల్ని కూడా కుటుంబాల దగ్గరకు చేర్చే విధానం నడుస్తోందనీ నేనూ డాక్టర్ సిస్టరూ చెప్పాం. ఆ ఆలోచన ప్రస్తుతానికి ఆగింది.

తర్వాత నేనొక కాగితం రాసిచ్చాను. జూన్‌లో వెళ్దాం. బడి నడుస్తుంటుంది, టీచర్లుంటారు, పాఠం వాళ్లు చెబుతారు, మనం వెనక బెంచీలో కూర్చుందాం. ఏ పని కావాలో పాస్టర్ గారూ హెడ్ టీచరూ ముందు చెప్పాలి, ఏమీ అక్కర్లేదంటే ఏమీ చేయొద్దు. రంగులు వేయించాలంటే ఆ పెయింటర్‌కి కూలి ఇద్దాం. పిల్లల ఫొటోలు వద్దు. సఫారీ సంగతి విరాళాలు అడిగే ఉత్తరంలోనే రాద్దాం, తేదీలతో సహా. పైగా జూన్‌లో మారా రుసుము సగమే.

కమిటీలో అందరూ చదివారు. ఫొటోల విషయం ఒప్పుకున్నారు, కూలి విషయం కూడా. జూన్ దగ్గర ఆగిపోయింది. "జూన్‌లో అయితే వైల్డ్‌బీస్ట్ ఉండదు కదమ్మా," అన్నారు పెద్దాయన, "పేర్లెవరిస్తారు?"

ఆ మాట మినిట్స్‌లో రాయమని అడిగాను. ఇంకా రాయలేదు.